రాలేనని చెప్పడానికి అంత కథెందుకు?

మొన్న ఒక స్నేహితురాలు తన ఫోన్లో టైప్ చేసి పెట్టుకున్న మెసేజ్ చూపించి, "ఇది పంపొచ్చా, కాస్త చూసి చెప్పవా" అంది. ఒక స్వచ్ఛంద సంస్థకి విరాళాలు సేకరించే డిన్నర్‌కి రమ్మని ఆమె పాత సహోద్యోగి పిలిచింది. ఈమెకి వెళ్ళాలని లేదు. సంస్థ మీద కోపమేమీ లేదు, పిలిచినామె అంటే ఇష్టమే, ఊరికే వెళ్ళాలనిపించలేదు, అంతే. కానీ ఆ మెసేజ్‌లో అత్తగారి ఆరోగ్యం ఉంది, ఆఫీసులో ఆడిట్ ఉంది, "ఆడిట్ త్వరగా అయిపోతే మాత్రం ఎలాగైనా వచ్చేస్తాను" అన్న మాట ఉంది, చివర్లో "వచ్చే ఏడాది ముందు వరసలో నేనే" అన్న హామీ, దాని పక్కన వరసగా దణ్ణాల ఎమోజీలు. అత్తగారు నిక్షేపంగా ఉన్నారు. ఆడిట్ నిజమే గానీ అది అంతకు ముందే అయిపోయింది.

"ఇంత కథెందుకు? రాలేనని చెప్పెయ్యొచ్చుగా" అన్నాను.

"అలా మొహం మీద ఎలా చెప్తాం? ఏమనుకుంటుంది?"

మొహమాటానికి పోతే ఏమవుతుందో మన సామెత ఎప్పుడో చెప్పేసింది, దాన్ని ఇక్కడ పూర్తిగా రాయడం బాగుండదు. కానీ ఆమె అడిగిన ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు. విరాళాల కార్యక్రమానికి రానని మర్యాదగా చెప్పడం ఎలా అని ఎవరైనా అడిగితే, మెత్తగా ఎలా చెప్పాలి, ఏ కారణం అయితే నొచ్చుకోరు అనే వైపే సలహాలన్నీ వెళ్తాయి. నాకేమో అసలు మర్యాద కారణంలో లేదనిపిస్తుంది. త్వరగా చెప్పడంలో ఉంది, పూర్తిగా చెప్పడంలో ఉంది. కారణం చెప్పకపోయినా ఫరవాలేదు, లేని కారణం చెప్పడం మాత్రం వద్దు.

అడుగుతున్నవి రెండు

పుట్టినరోజు పార్టీకి పిలిస్తే అడిగేది ఒకటే, రమ్మని. విరాళాల డిన్నర్‌కి పిలిచినప్పుడు రెండు అడుగుతున్నారు. రమ్మని, ఇమ్మని. రెండోది పైకి చెప్పకపోయినా ఇద్దరికీ తెలుసు. చిక్కంతా ఇక్కడే ఉంది, ఎందుకంటే మనం చాలాసార్లు మొదటిదానికి జవాబిచ్చి రెండోదాన్ని గాల్లో వదిలేస్తాం. "అయ్యో, ఆ రోజు కుదరదండీ" అంటాం. అవతలివాళ్ళు "ఫరవాలేదండీ, లింకు పంపిస్తాను, వీలున్నప్పుడు చూడండి" అంటారు. ఇక అక్కణ్ణుంచి ఆ లింకు మీద ఇంకో విడత టెన్షన్. చూశామని వాళ్ళకి నీలం టిక్కులు కనిపిస్తూనే ఉంటాయి. వారం తర్వాత "చిన్న రిమైండర్" వస్తుంది. డిన్నర్‌కి వెళ్ళనన్నాం కానీ డబ్బు సంగతి తేల్చలేదు, కాబట్టి వాళ్ళు మళ్ళీ అడగడంలో తప్పు కూడా లేదు.

కాబట్టి రెంటికీ ఒకేసారి జవాబు చెప్పెయ్యాలి. "రాలేను, ఈసారి విరాళం కూడా ఇవ్వడం లేదు" అనో, "రాలేను గానీ నా వంతు పంపిస్తున్నాను" అనో. మొదటి వాక్యం రాయడానికి చేతులు రావు, నాకు తెలుసు. కానీ ఆ రెండో సగం రాయకపోతే ఆ మాట చెప్పే పని రద్దు కాదు, రిమైండర్ వచ్చే రోజుకి వాయిదా పడుతుంది. ఆ రోజుకి అది ఇంకా ఇబ్బందిగా తయారవుతుంది.

మా స్నేహితురాలి మెసేజ్‌లో "ఆడిట్ త్వరగా అయిపోతే వస్తాను" అన్న ముక్క నాకు అన్నిటికంటే పెద్ద అమర్యాదగా అనిపించింది. ఆమె దాన్ని మెత్తదనం కోసం పెట్టింది. చదివే మనిషికి అది పూర్తయిన జవాబే కాదు.

పిలిచినవాళ్ళ వైపునుంచి

ఇలాంటి కార్యక్రమాలు నడిపే ఒకావిడతో కొన్నాళ్ళ క్రితం మాట్లాడాను. రానని చెప్పినవాళ్ళ గురించి ఆవిడకి ఫిర్యాదే లేదు. ఆవిడ బాధంతా "చూస్తానండీ", "ట్రై చేస్తానండీ" అన్నవాళ్ళ గురించి. భోజనాలకి తలల లెక్క కొన్ని రోజుల ముందే కేటరింగ్‌వాళ్ళకి ఖాయం చేయాలి. ఆ తర్వాత వచ్చినా రాకపోయినా ఆ ప్లేటుకి డబ్బు కట్టాల్సిందే. అంటే మనం మొహమాటపడి వదిలేసిన గోడమీద పిల్లివాటం జవాబు ఖరీదు ఆ సంస్థ నెత్తిన పడుతుంది, ఏ పని కోసం డబ్బు పోగుచేస్తున్నారో అదే డబ్బులోంచి.

ఆవిడ చెప్పిన ఒక దృశ్యం బాగా గుర్తుండిపోయింది. కార్యక్రమం మొదలవడానికి పావుగంట ముందు, వేదికకి దగ్గరున్న టేబుళ్ళ మీద పేర్ల కార్డులు అలాగే నిలబడి ఉన్నాయి, వాటి వెనక కుర్చీలు ఖాళీ. ఫొటోగ్రాఫర్ వచ్చి "మేడమ్, ముందు వరస బోసిగా పడుతోంది" అన్నాడు. ఆవిడ పట్టుచీర కొంగు బొడ్లో దోపుకుని, రాని అతిథుల కార్డులు ఒక్కొక్కటే ఏరి చేతిసంచీలో పడేసి, వెనక కూర్చున్న వాలంటీర్ కుర్రాళ్ళని తెచ్చి ముందు కూర్చోబెట్టింది. వాళ్ళేమో బొమ్మలున్న టీషర్టుల్లో ఉన్నారు. "ఆ కార్డుల్లో సగం మంది నాకు దణ్ణాలు పెడుతూ మెసేజులు పంపినవాళ్ళే" అంది నవ్వుతూ.

ఇంకో సంగతి కూడా బయటివాళ్ళకి అంతగా తెలియదు. చాలా చోట్ల మనల్ని పిలిచే మనిషి ఒక టేబుల్ మొత్తం బాధ్యత తీసుకుని ఉంటుంది, దాన్ని తనవాళ్ళతో నింపాలి. ఆమె మనసులో ఉన్న లెక్క "ఇంకా ఎన్ని కుర్చీలు మిగిలాయి" అని. మనం రామని సోమవారం తెలిస్తే మంగళవారం ఇంకొకరిని పిలుస్తుంది. మనం "చూస్తా" అంటే ఆ కుర్చీలో ఆమె ఇంకెవరినీ కూర్చోబెట్టనూ లేదు, అది నిండిందని రాసుకోనూ లేదు. మనం ఊహించుకునే "ఆమె ఎంత నొచ్చుకుంటుందో" అన్న నాటకంలో మన పాత్ర చాలా పెద్దది. ఆమె పట్టికలో మనది ఒక గడి.

దీని మీద పరిశోధన కూడా ఉంది. జూలియన్ గివి, కొలీన్ కర్క్ అనే ఇద్దరు పరిశోధకులు వరసగా చేసిన ప్రయోగాల ఫలితాలు 2023లో వచ్చాయి. వాళ్ళ సర్వేలో 77 శాతం మంది, కాదంటే ఏమవుతుందో అన్న భయంతో, వెళ్ళాలని లేని పిలుపుకి కూడా సరే అన్న సందర్భం ఉందని ఒప్పుకున్నారు. ప్రయోగాల్లో తేలిందేమిటంటే, కాదన్నవాళ్ళు ఊహించుకున్నంతగా పిలిచినవాళ్ళు నొచ్చుకోలేదు. మనం అనుకునేది, అవతలి మనిషి "రాను" అన్న ఆ ఒక్క మాటనే పట్టుకుని కూర్చుంటుందని. నిజానికి "పాపం ఆలోచించే చెప్పి ఉంటుందిలే" అని వాళ్ళే సర్దుకుంటారు.

అయితే వాళ్ళు పరీక్షించినవి కలిసి భోంచేద్దామా, ఎగ్జిబిషన్ చూద్దామా లాంటి పిలుపులు. విరాళాల సంగతి వేరు కదా అని నాకు నేనే అడ్డు చెప్పుకున్నాను. అందులో మనిషికి మనిషి మీద ఇష్టం ఒకటే ఉంటుంది, ఇందులో ఒక మంచి పని కూడా ఉంది. కాదంటే పిలిచినామెతో పాటు ఆ పిల్లలనో, ఆ రోగులనో కూడా కాదన్నట్టు ఉంటుంది. మన భయం పెద్దదవడానికి అది కారణమే. కానీ పిలిచేవైపు చూస్తే తేడా రెండో దిక్కుకి పోతుంది. పుట్టినరోజుకి పదిమందిని పిలిచేవాళ్ళు పదిమందీ వస్తారనుకుంటారు. విరాళాలకి పిలిచేవాళ్ళు చాలామంది కాదంటారని తెలిసే పిలుస్తారు. కాదనిపించుకోవడం వాళ్ళకి రోజూ ఉండే పని.

కారణం ఇస్తే ఏమవుతుంది

"రాలేను" అని ఊరికే అంటే తలుపు ధడాలున వేసినట్టు ఉంటుందని చాలామంది అంటారు. ఇది తోసిపుచ్చాల్సిన మాట కాదు. మనుషుల సంభాషణల్ని రికార్డు చేసి అక్షరం అక్షరం పరిశీలించే శాస్త్రం ఒకటుంది. హార్వీ శాక్స్, ఇమాన్యుయెల్ షెగ్లాఫ్ లాంటివాళ్ళు మొదలుపెట్టారు. ఆ పరిశోధకులు గమనించింది, ఒప్పుకోలు వెంటనే వస్తుంది, నిరాకరణ ఆగి ఆగి వస్తుంది అని. చిన్న మౌనం, ఒక "అంటే...", ఒక మెచ్చుకోలు, ఒక కారణం, ఇవన్నీ అయ్యాక గానీ కాదన్న మాట రాదు. చాలాసార్లు అసలు రానే రాదు, ఆ మౌనంలోనే అవతలివాళ్ళకి అర్థమైపోతుంది. సెలియా కిట్జింగర్, హన్నా ఫ్రిత్ 1999లో ఇదే ఆధారంగా, ఇష్టంలేని లైంగిక చొరవ ఎదురైతే "ఊరికే కాదని చెప్పెయ్" అని అమ్మాయిలకిచ్చే సలహా మనుషులు నిజంగా మాట్లాడుకునే తీరుకి పొసగదని వాదించారు. కాబట్టి మెత్తదనం బలహీనత అని నేను అనను, అది భాషలోనే ఉంది.

కానీ ఎదురెదురుగా మాట్లాడేటప్పుడు ఆ క్షణమాత్రపు మౌనం చేసే పనిని, మెసేజ్‌లో అబద్ధపు ఆడిట్‌తో చేయించబోతాం. అక్కడ వస్తుంది తంటా. కారణం అనేది ఇచ్చామంటే దాన్ని పరిష్కరించే హక్కు కూడా ఇచ్చినట్టే. "ఆ సాయంత్రం పనుంది" అంటే "అరగంట వచ్చి వెళ్ళండి చాలు" అంటారు. "కారు లేదు" అంటే కారు పంపిస్తారు. "పిల్లలు" అంటే "పిల్లల్ని కూడా తీసుకురండి, వాళ్ళకి వేరే గది ఉంది" అంటారు. పాపం వాళ్ళు నిజంగా సాయం చేస్తున్నామనే అనుకుంటారు. ఒక్కో అడ్డూ వాళ్ళు తీసేస్తుంటే మనం ఇంకో అడ్డు తయారుచేస్తూ పోవాలి, చివరికి ఏం చెప్పామో మనకే గుర్తుండదు. పైగా ఇప్పుడు ఆ సాయంత్రం ఎవరో మనల్ని సినిమా హాల్లో ఫొటో తీసి పెట్టేస్తారు.

నిజమైన కారణం ఉంటే, చెప్పాలనిపిస్తే చెప్పొచ్చు. ఏ కారణం అన్నది కూడా ముఖ్యమే. గ్రాంట్ డోనెలీ, మరికొందరు కలిసి 2021లో ప్రచురించిన పరిశోధనలో, టైమ్ లేదని చెప్పినవాళ్ళ కంటే డబ్బు కుదరదని చెప్పినవాళ్ళతోనే అవతలివాళ్ళకి దగ్గరతనం ఎక్కువ మిగిలింది. ఆలోచిస్తే సబబుగానే ఉంది. డబ్బు మన చేతిలో ఉండకపోవచ్చు, టైమ్ మాత్రం దేనికి ఇవ్వాలో మనమే ఎంచుకుంటామని అందరూ అనుకుంటారు. టైమ్ లేదంటే "నీకోసం లేదు" అని వినిపిస్తుంది. మనమేమో అదే అతి మర్యాదైన సాకు అనుకుని వాడుతుంటాం!

నాకు నచ్చిన వాక్యం ఒకటుంది, అది తమ విషయంలో నిజమైతేనే వాడాలి: "విరాళాల కోసం ఈ ఏడాది అనుకున్నది ఇచ్చేశాను." దీనికి అవతల సర్దుబాటు లేదు, అరగంట వచ్చి వెళ్ళమనడానికి లేదు, ఎవరినీ తక్కువ చేయడమూ లేదు.

వెచ్చదనం కారణంలోంచి తీసేస్తే ఎక్కడ పెట్టాలి మరి? కృతజ్ఞతలో పెట్టాలి, పిలిచిన మనిషి గురించి చెప్పే ఒక్క నిజమైన మాటలో పెట్టాలి. స్నేహితురాలి మెసేజ్‌ని ఇద్దరం కూర్చుని మార్చాం. చివరికి ఇలా తేలింది: "పిలిచినందుకు చాలా థాంక్స్. ఉద్యోగం చేసుకుంటూనే నువ్వు ఇన్నేళ్ళుగా ఈ పని వదలకుండా చేస్తుండటం చూస్తే నాకు ముచ్చటేస్తుంది. ఈ డిన్నర్‌కి నేను రావడం లేదు, ఈసారి విరాళం కూడా ఇవ్వలేను. ముందే చెప్తే నీకు సీటు ఇంకొకరికి ఇవ్వడానికి వీలవుతుందని చెప్తున్నా. కార్యక్రమం బాగా జరగాలి." పంపే ముందు "విరాళం కూడా" అన్న ముక్కని ఆమె తీసేసింది, మళ్ళీ పెట్టింది, మళ్ళీ తీసేసింది. చివరికి పెట్టే పంపింది. జవాబుగా "అయ్యో, ఫరవాలేదే! ముందే చెప్పావు, థాంక్స్" అని వచ్చింది. "నిజంగానే ఏమీ అనుకోలేదంటావా?" అని సాయంత్రం దాకా అడుగుతూనే ఉంది, అది వేరే విషయం.

మొహమాటమే లేకపోతే విరాళాలు వస్తాయా?

నా వాదనలో నాకే గుచ్చుకునే చోటు ఇది. అందరూ ఇంత హాయిగా కాదనడం నేర్చుకుంటే ఆ సంస్థల గతేమిటి?

ఊరికే భయపడటం కాదు, దీనికి ఆధారం ఉంది. స్టెఫానో డెల్లావిగ్నా, జాన్ లిస్ట్, ఉల్రికే మాల్మెండియర్ అనే ఆర్థికవేత్తలు షికాగో దగ్గర ఇంటింటికీ తిరిగి విరాళాలడిగే ప్రయోగం చేశారు. 2012లో ప్రచురించారు. కొన్ని ఇళ్ళకి ఫలానా టైమ్‌కి వస్తున్నామని ముందురోజే చీటీ తగిలించారు. అలా చెప్పిన ఇళ్ళలో తలుపు తీసేవాళ్ళు 9 నుంచి 25 శాతం దాకా తగ్గారు. చీటీ మీద "మా ఇంటికి రావద్దు" అని టిక్ పెట్టే గడి కూడా ఇస్తే, ఇచ్చేవాళ్ళు 28 నుంచి 42 శాతం దాకా తగ్గిపోయారు. అంటే తప్పించుకునే దారి మర్యాదగా చూపిస్తే చాలామంది ఆ దారే పట్టారు. జేమ్స్ ఆండ్రియోనీ అనే ఇంకో ఆర్థికవేత్త బృందం ఒక సూపర్‌మార్కెట్ గుమ్మాల దగ్గర చేసిన ప్రయోగంలో ఇంకా తమాషా కనిపించింది. విరాళాలు అడిగే మనిషి నోరు తెరిచి "దయచేసి ఇవ్వండి" అంటే ఇచ్చేవాళ్ళు బాగా పెరిగారు, అదే సమయంలో ఆ గుమ్మం తప్పించుకుని ఇంకో గుమ్మంలోంచి వెళ్ళేవాళ్ళూ బాగా పెరిగారు.

కాబట్టి మొహమాటం డబ్బు తెస్తుంది, అందులో అనుమానం లేదు. విరాళాల డిన్నర్ల ఏర్పాటే అలా ఉంటుంది. యాంకర్ మైక్ పట్టుకుని పెద్ద మొత్తం దగ్గర మొదలుపెట్టి కిందికి దిగుతూ వస్తాడు, ఇచ్చేవాళ్ళు నంబరు వేసిన అట్ట పైకెత్తాలి. పెద్ద మొత్తాల దగ్గర ఎత్తని చేతులు ఎవరికీ కనపడవు. అన్నిటికంటే చిన్న మొత్తం వచ్చేసరికి టేబుల్ చుట్టూ అందరి అట్టలూ లేస్తాయి, లేవనిది ఒకటుంటే అది టేబుల్‌కంతటికీ కనిపిస్తుంది. అప్పుడు ఒడిలో చేతులు పెట్టుకుని కూర్చోవడానికి చాలా గుండె కావాలి.

అయినా నేను నా మాటకే కట్టుబడతాను. ఒకటి, షికాగో ప్రయోగంలో గడి ఇచ్చినప్పుడు తగ్గిపోయినవి ముఖ్యంగా 10 డాలర్ల లోపు చిన్న మొత్తాలు. అంతకంటే పెద్ద మొత్తాలు ఇచ్చేవాళ్ళు అంతగా తగ్గలేదు. రెండోది, నాకు ఇదే ముఖ్యం, మొహమాటానికి ఇచ్చిన మనిషి తర్వాత ఆ సంస్థ పేరు కనిపిస్తే ఫోన్ పక్కన పెట్టేస్తాడు. ఒక సాయంత్రం డబ్బు వచ్చింది, ఆ తర్వాత ఆ మనిషి పోయాడు. చిన్న సంస్థలకి ఆ చిన్న మొత్తాలు కూడా అవసరమే, ఒప్పుకుంటాను. దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. కానీ ఆ లోటు పూడ్చే బాధ్యత నా అబద్ధపు ఆడిట్‌దో, నా ఖాళీ కుర్చీదో అయితే కాదు.

పోతే, రాలేనన్నందుకు జరిమానా కట్టినట్టు ఎంతో కొంత పంపడం. ఇది నాకు మింగుడుపడదు. పంపకూడదని కాదు. ఆ పని మీద ఇష్టం ఉంటే వెళ్ళకుండా పంపడమే సంస్థకి ఎక్కువ లాభం, మన భోజనం ఖర్చు మిగులుతుంది కదా. కానీ పిలుపే రాకపోయుంటే ఇచ్చేవాణ్ణా అని అడుక్కుని, లేదని జవాబొస్తే ఇవ్వకుండా ఉండటమే నయం. మనం ఇచ్చిన చిన్న మొత్తం వాళ్ళ జాబితాలో "దాత" అన్న గడిలో పడుతుంది, వచ్చే ఏడాది మొదటి పిలుపు మనకే వస్తుంది, మనం మళ్ళీ జరిమానా లెక్కలు వేసుకుంటాం.

ఇది పనిచేయని చోట్లు

పిలిచింది బాస్ అయితే ఇదంతా ఇంత తేలిగ్గా నడవదు. "ఇష్టముంటేనే రండి" అని ఆయన అన్నా, ఎవరెవరు వచ్చారో ఆయన కళ్ళు చూస్తూనే ఉంటాయి. కింద పనిచేసేవాళ్ళని ఇలాంటివాటికి స్వయంగా పిలవడమే తప్పని నా అభిప్రాయం, అడగాలనుకుంటే నోటీసు బోర్డు మీద పెట్టి ఊరుకోవాలి. పిలిచేస్తే మాత్రం, కింద ఉన్న మనిషి ఆడిట్ కాదు, భూకంపం సాకు చెప్పినా నేను తప్పుపట్టను.

మన కార్యక్రమానికి వచ్చి, మన సంస్థకి ఇచ్చిన మనిషి పిలిస్తే ఇంకో లెక్క. అక్కడ కాదనే హక్కు పోదు గానీ రెండు లైన్ల మెసేజ్ సరిపోదు, ఫోన్ చేసి చెప్పాలి. వీలుంటే వెళ్ళాలి కూడా, ఇష్టం సగమే ఉన్నా సరే.

ఆ సంస్థ మీదే నమ్మకం లేకపోతే? డబ్బు ఎక్కడికి పోతోందో అనుమానం ఉంటే? పిలుపుకి జవాబులో అది రాయక్కర్లేదు. ఆమె అడిగింది వస్తావా అని, వాళ్ళ ఆడిట్ చేయమని కాదు. తర్వాత ఎప్పుడైనా తనే ప్రత్యేకంగా "ఎందుకు రాలేదు, నిజం చెప్పు" అని అడిగితే అప్పుడు దాపరికం లేకుండా చెప్పాలి, అదీ నలుగురిలో కాదు. అడక్కపోతే, తెలిసిన మోసం ఏదో ఉంటే తప్ప, మన అనుమానం మన దగ్గరే ఉండనివ్వొచ్చు.

ఇక మర్యాదగా, స్పష్టంగా రెండింటికీ కాదని చెప్పాక కూడా మళ్ళీ అడిగేవాళ్ళుంటారు. "ఒక్కసారి ఆలోచించండి" అంటూ. వాళ్ళకి కొత్త జవాబు తయారుచేయకండి. మొదట పంపిన మెసేజ్‌లోని ఆ ఒక్క వాక్యాన్నే కాపీ చేసి మళ్ళీ పంపండి, కొంచెం మొరటుగా అనిపించినా సరే.